తోలుతాడు

కొండ పేరు మేం నోట పలకం. "పైన" అంటాం, అంతే.
చుట్టూ నిట్టనిలువు రాయి, నెత్తిన చదును నేల,
ఆ చదును మీద చక్రవర్తి కన్న మగపిల్లలు.
సింహాసనానికి దగ్గరగా పుట్టినవాళ్లని
దానికి దూరంగా పెంచడానికి
అబిసీనియా పెద్దలు కనిపెట్టిన ఉపాయం.

నాది తాడు పని.
ఏడు ఎద్దుల తోలు, వెన్న పట్టించి పేనింది.
తెఫ్ పిండి బస్తా, తేనె కుండ, మేకపిల్ల, పూజారి,
ఏది పైకొస్తున్నా కళ్లు మూసుకుని చెప్పగలను.
ఉత్తరానికి బరువుండదంటారు.
నాకు తెలిసేది.

నలుగురు అన్నదమ్ములు, తల్లులు నలుగురు.
చిన్నప్పుడు ఒకే కంచం, ఒకే మంచం.
కంచమంటే చాటంత ఇంజెర రొట్టె,
చుట్టూ నాలుగు తలలు.
ప్రేముంటే ముద్ద చుట్టి ఎదుటివాడి నోట్లో పెట్టాలి.
గుర్షా అంటాం.
ముద్ద ఎంత పెద్దదైతే ప్రేమ అంత.
పెద్దవాడు హిర్యాకోస్ పెట్టే ముద్దకి
అబ్సాది బుగ్గలు పిగిలిపోయేవి.
మింగలేక, నవ్వాపుకోలేక
కళ్లనీళ్లు పెట్టుకునేవాడు వాడు.

ఒక వానాకాలం, కింద
ఉప్పు దిమ్మలు తెచ్చినవాడు ఊరికే అన్నట్టు అన్నాడు:
"చక్రవర్తికి ఎడం చెయ్యి పడిపోయిందట."
నేనెవరికీ చెప్పలేదు.
తాడే చెప్పిందేమో.

మర్నాడు పొద్దున కూడా రొట్టె చుట్టూ నాలుగు తలలే.
ముద్దలు పెట్టుకోవడం మానలేదు.
పెట్టి,
అవతలివాడి గొంతులో అది దిగేదాకా చూసి,
అప్పుడు తమ ముద్ద చుట్టుకుంటున్నారు.

రాత్రిపూట ఒక్కొక్కరే నా గుడిసెకి వచ్చారు.
హిర్యాకోస్ వెండి శిలువ చేతిలో పెట్టి
"గుర్రాలొస్తే ముందు నన్ను లేపు" అన్నాడు.
జెమికాయెల్ నది పక్క నలభై ఎకరాలు రాసిస్తానన్నాడు,
తనెప్పుడూ చూడని నది.
కుర్ర ఎన్‌బకోమ్ ఏమీ ఇవ్వలేదు,
తాడు ఎంత పొడవని అడిగాడు.
అబ్సాది రాలేదు.
రానందుకు అతనంటేనే ఎక్కువ భయమేసింది నాకు.

గుర్రాలు వచ్చాయి.
ఎర్ర గొడుగు ఒకటి. జీను కట్టిన కంచరగాడిద ఒకటి.
రెండోది ఎక్కడైనా ఉందేమోనని
నలుగురూ అంచున బోర్లా పడుకుని వెతికారు.
కింద నుంచి కేక: "అబ్సాదీ!"
రాయికి కొట్టుకుని ఆ పేరు మూడుసార్లు తిరిగొచ్చింది.
మూడుసార్లూ అదే పేరు.

వానకి కాలిబాట కొట్టుకుపోయింది, తాడే దిక్కు.
నిండు మనిషి బరువు ఒక్కడితో కాదు.
మిగతా ముగ్గురూ నా వెనక నిలబడి పట్టుకున్నారు.
అతను దిగాడు. పైకి చూస్తూనే దిగాడు.

సగంలో, నా వెనక ఒక పట్టు సడలింది.
జానెడు. కాదు, జానెడున్నర.
నా అరచేతి తోలు ఆ తోలుతో పాటు పోయింది.
మళ్లీ బిగిసింది.
సడలించిన చెయ్యే బిగించిందో, పక్క చెయ్యో.
తల తిప్పితే తెలిసేది.
తల తిప్పితే నా పట్టు కూడా పోయేది.

ఆ సాయంత్రం పైన మూడు తలలు
మూడు వేరు రొట్టెల ముందు కూర్చున్నాయి.
దీపం ఎవరూ వెలిగించలేదు.

కిరీటం పెట్టుకున్న నెలకి నన్ను పిలిపించాడు.
గుడారంలో ఇద్దరమే.
"ఎవరు, మెర్హా?"
"తడిసి తోలు సాగింది, ప్రభూ."
నా అరచేతులు పట్టుకుని
మానిన గాయాలని చాలాసేపు చదివాడు.
ఇంకేం అడగలేదు. భోజనం తెప్పించాడు.
తనే ముద్ద చుట్టి
నా నోటి దాకా తెచ్చాడు.

నోరు తెరవడానికి
ఒక్క క్షణం పట్టింది నాకు.
అతను చూశాడు.

ముద్ద పెద్దదే.