గోగ్గి ముక్కు

ఐస్‌లాండుకు పడమటి వైపు
పటంలో ఆవగింజంత దీవి.
గాలి అక్కడ ఇంటి మనిషి,
తలుపు తట్టదు, తోసుకొస్తుంది.
హల్‌బెరా అవ్వ గోడ పక్కన
నేలలో పాతిన వాననీళ్ళ తొట్టి.
తొట్టి అంచున పొద్దస్తమానం
గోగ్గి అనే పఫిన్ పిట్ట.

వాడి ముక్కు చూడాలి మీరు!
కొసన ఎరుపు, నడుమ పసుపు,
మొదట్లో మబ్బు నీలం.
కంటికి కాటుక గీత కూడా.
వంగి నీళ్ళలో చూసుకుంటాడు,
కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి,
ఏ వైపు బాగుందో తేలక
మళ్ళీ మొదటికి.

తొట్టి పక్కనే గడ్డిలో గూడు,
గూట్లో గోధుమరంగు ఈడర్ బాతు.
పేరు కొల్లా. పేరుకే కొల్ల,
ఒకరిది దోచిందెన్నడూ లేదు;
తన రొమ్ము నూగే తాను పీక్కుని
అయిదు గుడ్లకు పరుపు పరిచింది.
అందులో సగం అవ్వ తీసుకుని
ఎండుగడ్డి బదులు పెడితే
"సరేలే అవ్వా, చలి నీకూ ఉందిగా" అంది.

"కొల్లా, కొల్లా, కాస్త జరుగు,
నీ మట్టిరంగు నా అద్దంలో పడుతోంది!"
"గుడ్లున్నాయి నాయనా, జరగలేను."
"పోనీ చెప్పు, ఎలా ఉన్నాను?"
అనడానికి నోరు తెరిచాడో లేదో
ముక్కున కరిచిన తొమ్మిది చేపలు
జలజల రాలి గడ్డిలో పడ్డాయి.
సీగల్ అక్కడే కాచుక్కూర్చుంది,
ఒకటి, రెండు, మూడు...
తొమ్మిదీ స్వాహా!
రేపూ అంతే. ఎల్లుండీ అంతే.

పడవలో కెమెరాల వాళ్ళు వస్తే
గోగ్గి రాయి మీద రాజు.
ఇరవై ఫొటోలకు ఇరవై భంగిమలు.
కొల్లాను ఎవరూ తియ్యలేదు.
రాయనుకుని ఒకాయన
ఆమె మీద టోపీ పెట్టబోయాడు.

ఆగస్టు వెళ్ళింది. పఫిన్లన్నీ
నడిసముద్రానికి ఎగిరిపోయాయి.
ఒకనాడు అల మీద తేలుతూ తేలుతూ
తుమ్మాడు గోగ్గి.
ముక్కు మీది ఎర్ర పెంకు
ఊడి నీళ్ళలో పడింది!
తెల్లారి పసుపుది. మర్నాడు నీలిది.
మిగిలింది ఓ బూడిద ముక్క,
వాడిపోయిన చిక్కుడుకాయలా.
మిగతా పఫిన్లకూ రాలాయి రంగులు.
వాడు పక్కకు చూస్తేగా తెలిసేది!

జనవరి. పగలంటే
నాలుగు గంటల మసక వెలుతురు.
తుఫాను వాణ్ణి తోసి తోసి
ఖాతంలోకి విసిరేసింది.
అక్కడ ఈడర్ బాతుల గుంపు
భుజం భుజం ఆనించి, తెప్పలా.
తల దాచుకుందామని వచ్చి
మొహం దాచుకున్నాడు గోగ్గి.

"ఎవరు బాబూ నువ్వు?" తెలిసిన గొంతు.
"నేనా? నేను... గోగ్గి పెదనాన్న కొడుకుని."
"ఓహో. మీవాడు బాగున్నాడా?"
"వాడి ముక్కు పోయింది.
ఇంక వాడికేముందని?"

కొల్లా అల మీద ఒక ఊగు ఊగింది.
"ముక్కా? నేనెప్పుడు చూశాను దాన్ని?
గూట్లో కూర్చుంటే నాకు కనిపించేవి
వాడి పాదాలు, పొట్ట, అంతే.
ఇరవై ఆరు రోజులు తిండి లేకుండా
గుడ్ల మీద ఉన్నానా,
ఉత్తరపు గాలి కత్తిలా కోస్తుంటే
వాడు నిలబడేవాడు, ఆ బొద్దు పొట్టతో,
నాకూ గాలికీ మధ్య.
వాగేవాడు, వాగేవాడు, నాకు పొద్దుపోయేది.
అయిదు గుడ్లూ పిల్లలయ్యాయి.
చెప్పు మీవాడితో."

"అద్దం చూసుకోడానికి నిలబడ్డాడేమో!"
"అయ్యుండొచ్చు. గాలి ఆగింది కదా."

గోగ్గి ఏమీ అనలేదు.
వాడి జన్మలో అదే మొదటిసారి.
కొల్లా కాస్త జరిగింది.
ఇప్పుడు గుడ్లు లేవు కదా, జరగగలదు.

మే నెలలో మళ్ళీ రంగులొచ్చాయి.
పాత తొట్టి, పాత గడ్డి,
కొత్త గుడ్లు నాలుగు.
గోగ్గి నీళ్ళలోకి చూళ్ళేదా అంటారా?
చూశాడు. ఒకసారి.
సరే, రెండుసార్లు.
తర్వాత ఉత్తరానికి వీపు పెట్టి
ముక్కునిండా చేపలతో నిలబడ్డాడు,
నోరు తెరవకుండా.
సీగల్ చాలాసేపు చూసి చూసి
వేరే దీవి వెతుక్కుంది.