ఆరు, తొమ్మిది

హ్రించుక్ మంగలి దుకాణంలో
శనివారం పొద్దున ముగ్గురికి క్షవరం, పదిమందికి పంచాయితీ.
"గోల్ దగ్గర, లీగు పుట్టాక, వీడంతటి వాడెవడు?"
కత్తెర గాల్లో ఆగుతుంది.
సబ్బు నురగ చెంప మీదే ఎండిపోతుంది.

అద్దం పక్కన కాగితం, మీద పది పేర్లు.
వారం వారం ఒకడు ఎక్కుతాడు, ఒకడు జారతాడు.
గోల్సే లెక్క, మిగతాదంతా మర్యాద, అంటాడు లారీ రౌతానెన్.
ఆడిన ఆటలతో భాగించాలంటాడు బడి పంతులు ఫెర్లాండ్,
భాగహారం తనకొక్కడికే వచ్చినట్టు.
మా నాన్న చూసినవాణ్ణి మీరు చూడలేదు, అంటాడు పోస్టాఫీసు డెలోర్మ్.
ఎవరూ చూడనివాడి వేగాన్ని
ఓడించేదెవరు?

మొదటి పేరు మాత్రం కదలదు.
లూసియాన్ గొవ్రో. అరవై ఒకటో సీజన్. తొంభై ఒక్క పాయింట్లు.
దాని కింద ఐజాక్ మూనియాస్. తొంభై.

ఆ తొంభై ఒకటి రాసింది నేను.

పెనాల్టీ పెట్టెల నడుమ చెక్క బల్ల,
పాదాల కింద గోనెలో చుట్టిన వేడి ఇటుక, చెవి మీద పెన్సిలు.
కాగితం మిల్లు జట్టుకి ఇరవై రెండేళ్ళు లెక్క రాశాను.
గోల్ వేసినవాడికి ఒకటి,
ముందు పక్ అందించిన ఇద్దరికీ చెరొకటి.
కన్ను చూస్తుంది, చెయ్యి రాస్తుంది,
ఆపైన రాసిందే జరిగింది.

మార్చి. ఆఖరి రాత్రి.
బయట సుపీరియర్ సరస్సు గడ్డకట్టిన ఒళ్ళు విరుచుకుని మూలుగుతోంది.
లోపల పద్దెనిమిది వందల నోళ్ళ ఆవిరి
నా కళ్ళద్దాల మీదికి వచ్చి కూర్చుంది.
నీలి గీత దగ్గర ఎవడో బొక్కబోర్లా దూకి
స్టిక్ కొసతో పక్‌ని గోరంత తాకాడు.
ఆ గోరంతకే అది దారి మార్చుకుని
గోల్ ముందున్నవాడి దగ్గరికి
పాలవేళ పిల్లిలా వెళ్ళింది.
తాకినవాడు తలకిందులై,
కాళ్ళు గోడకి, వీపు నాకు,
జారుతూ పోయాడు.
వీపు మీద తొమ్మిది కనబడింది.
తొమ్మిదే రాశాను.

గొవ్రోది తొమ్మిది.
తలకిందులైన ఆరు ఏమవుతుందో
ఒకటో తరగతి పిల్లవాడైనా చెబుతాడు.
నాకు ఇంటికెళ్ళి బూట్లు విప్పుతుంటే తట్టింది,
ఒక బూటు చేతిలోనే ఉండిపోయింది.
అప్పటికే గొవ్రో ఇంటికి బహుమతి బయల్దేరింది:
మైనస్ ముప్పై అయిదు చలిలో
ఒక రిఫ్రిజిరేటరు.

నలభై ఏళ్ళు ఆగి మూనియాస్ దగ్గరికి వెళ్ళాను.
నది ఒడ్డున రేకుల షెడ్డులో చేపల వల బాగుచేసుకుంటున్నాడు.
చెప్పాను. గొంతు రెండుసార్లు ఆగింది.
అతను చేతిలోని ముడి పూర్తిచేశాడు.

"ఆ జనవరిలో ఒక మంగళవారం
నాకో పాయింటు రాశావు, గుర్తుందా?
అప్పటికి నా స్టిక్ విరిగి బెంచీ కింద ఉంది.
ఎక్కువిచ్చావని నేనూ అనలేదు."

దారం కొరికి, మళ్ళీ,
"ఆ ఫ్రిజ్ ఏమైంది?"
"డెబ్భై నాలుగులో పాడైందట."
తల ఊపాడు. నాకు ఎండు చేప ముక్క పెట్టాడు.

తిరుగుదారిలో వేళ్ళు ముడిచాను, తెరిచాను:
ఇతనికి ఒకటి కలిపి, ఒకటి తీసి,
అతనికి ఒకటి తీసి,
తొంభై, తొంభై.
రోడ్డు పక్క స్ప్రూస్ కొమ్మ మీద కాకులు పదకొండు.
కారు దాటాక అద్దంలో చూస్తే తొమ్మిది.
ఇరవై రెండేళ్ళ పుస్తకాలు మా నేలమాళిగలో ఉన్నాయి,
ఎన్ని మంగళవారాలో వాటిలో.

ఈ శనివారం కుర్చీలో నా వంతు.
మెడ చుట్టూ గుడ్డ బిగించి హ్రించుక్ అడిగాడు,
"బల్ల దగ్గర కూర్చుని చూసినవాడివి. నువ్వు చెప్పు, ఎవడు?"
దుకాణం ఊపిరి బిగబట్టింది.
అద్దంలో కాగితం తలకిందులు కాలేదు,
కుడిఎడమలైంది, అంతే.

"చెవి దగ్గర కాస్త చూసి కత్తిరించు," అన్నాను.