నూటా పదకొండు మంది మునెమ్మలు

సిలబసు కమిటీ మూడో మీటింగు.
ఫ్యాను వేస్తే కాగితాలు లేస్తాయి,
ఆపితే మనుషులు లేస్తారు.
తిరుపతిలో మే నెల.

ఆరోగ్య సమాచార శాస్త్రం, రెండేళ్ళ ఎమ్మెస్సీ.
మొదటి పేపరు డేటాబేసులు.
రెండోది గణాంకాలు, అది నా నెత్తిన.
మూడోది రోగి గుర్తింపు.
పైనుంచి వచ్చిన నమూనాలో
దానికి నాలుగు గంటలు చాలునని ఉంది.

ఆసుపత్రి రికార్డు గదిలోంచి
చెంగల్రాయులును పిలిపిద్దామన్నది నేనే.
ముప్పై ఒక్కేళ్ళ సర్వీసు,
వేళ్ళ సందుల్లో ఫైలు ట్యాగుల ఎరుపు.
ఎవరో లెమ్మంటారన్నట్టు
కుర్చీ అంచున కూర్చున్నాడు.

"నాలుగు గంటలా మేడమ్?
మా గదిలో మునెమ్మలే నూటా పదకొండు మంది ఉండారు.
అందరికీ అరవై ఏండ్లే.
అందరూ జనవరి ఒకటినే పుట్టినారు.
యాడాది చెప్పమంటే
గంగజాతర నాడు మాయమ్మ నన్ను కనింది అంటారు.
మొగుని పేరు అడిగితే నోటితో చెప్పరు,
కొండ పక్క చెయ్యి చూపిస్తారు.
ఆ చేతిని నేను వెంకటేశు అని రాసేదా,
శీనివాసులు అని రాసేదా,
గోవిందయ్య అని రాసేదా?"

నవ్వాం. డీన్ గారైతే కళ్ళు తుడుచుకున్నారు.
చెంగల్రాయులు నవ్వలేదు.

"ఒకపొద్దు
వడమాలపేట మునెమ్మ మంచానికి
నారాయణవనం మునెమ్మ ఫైలు పోయింది.
ఒకామెకు పెన్సిలిన్ పడదు.
ఆ ముక్క రాసిన చీటీ నా చేతిలోనే ఉండిపోయింది.
రాత్రి గుర్తొచ్చి సైకిలేసుకోని పరిగెత్తినా.
మంచం ఖాళీ.
డిశ్చార్జి చేసినారేమో అనుకున్నా, ముందు."

ఆ 'ముందు' తర్వాత ఆయన మాట్లాడలేదు.
మేం అడగలేదు.
నాలుగు కొట్టేసి అరవై అని రాశాను.

ఆగస్టులో ఇరవై సీట్లకు ఏడుగురు.
పలమనేరు నర్సు కళావతి,
పీలేరు ల్యాబులో రక్తం తీసిన హసీనా,
మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లెక్కలు రాసిన రెడ్డెప్ప.
కోడ్ల పుస్తకం చేతికివ్వగానే రెడ్డెప్ప లేచాడు:
"మా నాయనకు పుత్తూరు కట్టు కట్టించినాం మేడమ్.
కోడిగుడ్డు, ఆకు పసరు, వెదురు బద్దలు.
దానికి నెంబరు ఎంత?"
వెతికాను.
తాబేలు కరిస్తే నెంబరుంది.
పుత్తూరుకు లేదు.
ఇతరములు అని రాసుకో అనబోయి ఆగాను.
జిల్లాలో సగం ఎముకలు ఇతరములా?

చెంగల్రాయులు క్లాసు చెప్పడానికి రిజిస్ట్రారు ఒప్పుకోలేదు,
డిగ్రీ ఏదన్నారు.
అందుకని బుధవారం బుధవారం
మేమే ఆయన గదికి పోతాం, ముక్కులకు గుడ్డలు కట్టుకుని.
పేరు తర్వాత అడగండి, అంటాడాయన.
ఏ బస్సులో వచ్చిందో ముందడగండి.

సెమిస్టరు పరీక్షలో ఆఖరి ప్రశ్న నేనిచ్చింది:
భర్త పేరు అడిగితే ఆమె కొండ వైపు చూపింది.
గడిలో ఏం నింపుతారు? పదిహేను మార్కులు.

కొందరు మూడు పేజీలు రాశారు.
కళావతి రెండు వాక్యాలు:
'తోడు వచ్చినవాళ్ళను అడుగుతాను.
తోడు ఎవరూ రాకపోతే, అది కూడా రాస్తాను.'

ఎన్ని మార్కులేయాలో తేలక
పేపరు తీసుకెళ్ళి చెంగల్రాయులు ముందు పెట్టాను.
చదివాడు. మళ్ళీ చదివాడు.
జేబులోంచి ఎర్ర ట్యాగు తీసి
మూలన చిల్లు పొడిచి
ముడి వేశాడు.