సముద్రంవైపు గది

రాజోలు సెంటర్లో మేత బస్తాల కొట్టు పైన
ఇరుకు మెట్లెక్కితే నా ఆఫీసు.
బోర్డు మీది విమానానికి
ఎండకి తోక వెలిసిపోయింది.
ఎవరు ఏ దేశానికి టికెట్టు కొన్నా
కాగితాలకి రొయ్యల మేత వాసన.

సూరన్న ముందొచ్చాడు, వెనకాల పల్లాలమ్మ.
అంతర్వేది దగ్గర నాలుగెకరాల చెరువు,
ఈసారి నలభై కౌంటు తేలింది.
ఆ ధైర్యంతో ఫోను తెరిచి చూపించాడు:
నీలం నీళ్ళు,
నీళ్ళల్లో గుంజలు,
గుంజల మీద గడ్డి కప్పిన ఇల్లు.
"ఇదేనమ్మా. మాల్దీవులంట.
మా సరుకు కొనే సేటు ఎల్లొచ్చాడు.
నాలుగు రాత్రులకి ఎంతవుద్ది?"

చెప్పాను.
కింద హమాలీ బస్తా దించిన చప్పుడు.
ఆయన పెదాలు కదిలాయి, రూపాయల్లో కాదు:
"రాత్రికి పావు టన్ను."

పల్లాలమ్మ ఫోను అందుకుని
రెండు వేళ్ళతో ఆ ఇంటిని పెద్దది చేసింది.
"నీళ్ళ మీద ఇల్లా?
తొంభయ్యారు తుఫానులో మా ఇల్లూ నీళ్ళ మీదే ఉంది
రెండు రాత్రులు.
ఎవరూ డబ్బులడగలేదు."
నవ్వింది.
ఆయన నవ్వలేదు.

ఆ దీవి నీళ్ళకి ఎంత ఎత్తు, అనడిగింది.
వెతికి చూస్తే మనిషెత్తు కూడా లేదు.
"మా చెరువు గట్టే నయం."
అమావాస్య పోటు ఎందాకా వస్తుంది?
ఆ కొబ్బరిచెట్లకి దింపు ఎవరు తీస్తారు?
దుప్పట్లు ఉతికేవాళ్ళు ఏ దీవిలో పడుకుంటారు?
నా దగ్గరున్న రంగుల పుస్తకంలో
నీళ్ళ మీద తేలుతూ వచ్చే టిఫిను పళ్ళెం ఉంది,
అద్దపు నేల కింద చేపలున్నాయి,
వీటికి జవాబుల్లేవు.
"చేపని చూడ్డానికి కూడా డబ్బులే!" సూరన్న సణిగాడు.

బేరం పోతుందేమోనని నేనే అన్నాను,
పోనీ దిండి వెళ్ళండి,
పడవ ఇల్లుంది, గోదారి ఉంది,
పదోవంతు ఖర్చు, సాయంత్రానికి ఇంటికొచ్చేయొచ్చు.

"కాదమ్మా," అంది.
"చిన్నప్పుడు మా నాన్న తెరచాప కోసం చూశాను,
వేళ దాటిపోయాక కూడా చూశాను.
పెళ్ళయ్యాక ఈయన బోటు కోసం.
ఆనక మబ్బు కోసం,
చెరువుకి ఉప్పునీళ్ళు తోడుకునే పోటు కోసం.
ఏదో ఒకటి అడక్కుండా
దాని మొహం ఎప్పుడూ చూళ్ళేదు.
ఒక్కసారి ఊరికినే చూడాలి.
ఇక్కడ అవదు.
ఇక్కడ అది నన్ను గుర్తుపట్టేస్తుంది."

పాస్‌పోర్టుకి పంపిస్తే
మెషీను ఆవిడ వేళ్ళని ఒప్పుకోలేదు.
షెడ్డులో, ఐసులో,
పదేళ్ళు రొయ్యల తలలు తీసిన వేళ్ళు.
గీతలు ఎప్పుడో అరిగిపోయాయి.
రెండుసార్లు తిప్పి పంపారు.
మూడోసారి కొబ్బరినూనె రాసుకుని వెళ్తే
ఎడమ బొటనవేలు ఒక్కటీ పలికింది.

తారీఖుల దగ్గర మళ్ళీ కూర్చున్నాం.
ఆగస్టు వద్దు, వరద గోదారి.
నవంబరు అనగానే ఇద్దరూ ఒకేసారి తలడ్డంగా ఊపారు,
ఎందుకని నేనడగలేదు.
మార్చిలో, పంటకీ పంటకీ నడుమ,
చెరువు ఎండబెట్టి బీటలు తీసే ఆ ఇరవై రోజుల్లో.
"తెల్లమచ్చ రాకపోతే," అన్నాడు సూరన్న
అడ్వాన్సు నోట్లు తడి వేలితో లెక్కపెడుతూ.
నేను పెన్సిలుతోనే రాసుకున్నాను.

ఉప్పుచేప పట్టుకెళ్ళనిస్తారా,
నీళ్ళల్లోకి చీరతో దిగనిస్తారా,
అన్నీ తేలాక
ఫారంలో చివరి గడి మిగిలింది.
గది తోటవైపా, సముద్రంవైపా?

చాలాసేపు ఏమీ అనలేదు.
ఫ్యాను తిరుగుతోంది.
కొంగు చివర ముడి విప్పింది, మళ్ళీ వేసింది.

"సముద్రంవైపే రాయి."

మెట్ల దాకా వెళ్ళి ఆగి,
వెనక్కి తిరిగి, కాస్త గొంతు తగ్గించి:
"ఆ తలుపుకి లోపల గడియ ఉంటుందేమో
కనుక్కో అమ్మా."