గుండుకు పస్తు

నైట్ డ్యూటీ దిగి కొండ మీద నుంచి ఇంటికొచ్చేసరికి
గుండు వెల్లకిలా తేలతా ఉండాది.

గుండు అంటే మా గోల్డ్ ఫిష్.
కొర్లగుంటలో జిలానీ అంగట్లో
కవర్లో నీళ్ళతో కట్టించుకొచ్చిన దినం
మా ఆయన పెట్టినాడు ఆ పేరు.
'దినామూ వంద గుండ్లు చేస్తావు,
ఇంట్లో ఒకటుంటే పోయిందేముంది' అని.

చచ్చిందనుకున్నా.
గాజు మీద గోటితో తట్టినా.
మొప్పలాడినాయి.
తలకిందులుగా ఉండి కూడా
ఏమీ కానట్టే చూసింది కన్ను.

నా చేతులకు తలకాయలు తెలుసు.
నీళ్ళు చల్లి వేళ్ళు పెడితే చాలు,
ఏడ గడ్డ ఉండాదో, ఏడ పాత కుట్టు ఉండాదో,
ఏ బిడ్డకు మాడు ఇంకా గట్టిపడలేదో
కత్తి కంటే ముందు వేళ్ళే చెప్తాయి.
ఈ తలకాయ మీద చెయ్యి ఎట్ల పెట్టేది?
పట్టుకుంటే ఒంటి జిగురు పోతాది,
పట్టుకోకుంటే నాకు రోగం తెలీదు.

కళ్ళతోనే తడిమినా.
ఉప్మారవ్వ చల్లినట్టు తెల్లచుక్కలా? లేవు.
తోక అంచు చివకలేదు.
పొలుసులు లేవలేదు.
కడుపు మాత్రం
ఆవిట్లో పొంగిన ఇడ్లీ మాదిరి.

పైపోర్షన్ అరుణగిరి నీలిమందు ఇచ్చినాడు,
'రెండు చుక్కలక్కా, ఏ రోగమైనా పోతాది.'
బట్టల నీలం కలిపినట్టయింది తొట్టంతా.
అందులో నారింజరంగు బొజ్జ
ఇంకా బాగా కనిపించింది, అంతే.

ఫోన్లో వీడియో చూసి జిలానీ
డాక్టరు మాదిరి అడిగినాడు:
'ఎన్ని తూర్లు మేత?'
ఒక్కతూరే అన్నా, పొద్దున నేనొచ్చినాక.
సాయంత్రం పోయేముందు ఇంకో చిటికెడు,
అది లెక్కలోకి రాదు కదా.
'మీ ఇంటాయన?'

అలిపిరి దగ్గర బస్సు ఆపుకొని ఉండినాడు.
'నేనా? రాత్రి ఒకతూరి.
మధ్యాన్నం అన్నానికొచ్చినప్పుడు ఒకతూరి.
నువ్వు నిద్రపోతా ఉంటివి, లేపబుద్ధి కాలా.
ఆకలికి నోరు తెరస్తా ఉండాది మే, పాపం.'

చేప ఎప్పుడూ నోరు తెరస్తానే ఉంటాదయ్యా.

జిలానీ నవ్వలా.
'లోపల గాలితిత్తి ఉంటాదక్కా, చిక్కుడుగింజంత.
మీరు కుక్కిన మేత దాన్ని నొక్కేసింది.
మూడు దినాలు పస్తు.
నాలుగో దినం బఠాణీ.
నీలిమందు పారబొయ్యి.'

రాత్రంతా బకెట్లో నిలబెట్టిన నీళ్ళు
చెంబుతో చెంబుతో మార్చినా.
తొట్టిని సగానికి దించినా,
పైకీ కిందికీ తన్నుకులాడే శ్రమ తగ్గుతాదని.
చీటీల కంపెనీ క్యాలెండర్ మీద
పెన్ను దారంతో వేలాడగట్టినా.
*ఈ దినం మేత లేదు. ముట్టుకోవద్దు.*
దాని కింద ఆయన కోడిగీతల రాత:
*సరే. ముట్టుకోలా. నువ్వు తిన్నావా?*
ఏమో, ఆ గడిలో ఇంక చోటు లేదు.
పక్క గడిలో రాసినా, పులిహోర అని.

పస్తు పెట్టడం మాత్రం కష్టమే.
మేత డబ్బా బీరువా మీద పెట్టినా
గుండు చూపు అటే ఉన్నట్టుంటాది.
రెండో రాత్రి కొండ మీద
ఒక పసిబిడ్డ గుండు చేస్తా చేస్తా
వేళ్ళు ఒక్క క్షణం ఆగినాయి,
నున్నగా, తడిగా, గుండ్రంగా.
'ఏమైందమ్మా' అని భయపడింది వాళ్ళమ్మ.
ఏం లేదు తల్లీ, అన్నా.

నాలుగో దినం ఆయనకు వారపు సెలవు.
ఒక్క బఠాణీ ఉడకబెట్టి, తోలు తీసి,
బొటనవేలితో నలిపినా.
ఆయన చెంచా పట్టుకున్నాడు, ఊరికే.
వెల్లకిలానే వచ్చి మింగింది.
ఉమ్మింది. మళ్ళీ మింగింది.

దీపాలు పెట్టే వేళకు
పచ్చటి దారం ఒకటి, జానెడు,
వెనకనుంచి వేలాడతా వచ్చింది.
ఇద్దరం తొట్టికి ముక్కులానించి చూసినాం.
ఇరవైరెండేళ్ళ కాపురంలో
దేన్నీ ఇంత శ్రద్ధగా కలిసి చూసింది లేదు.

లేచింది.
పూర్తిగా అని చెప్పలేను.
ఇప్పటికీ ఎడమకు కొంచెం వాలి ఈదుతాది,
ఘాట్ రోడ్డు మలుపులో
ఆయన బస్సు మాదిరి.