ఆ రొట్టె

అంబాజీపేట కొబ్బరి మార్కెట్ వెనక సందులో
మా పొయ్యి నాకంటే ముప్ఫైమూడేళ్లు పెద్దది.
కట్టినవాడు తాపీ సత్తెయ్య.
కూలి సగం డబ్బు, సగం రస్కులు.
సున్నంలో బెల్లంనీళ్లు కలిపాడని
మా నాయనమ్మ నూకరత్నం చెప్పేది.
మరి చీమలు పట్టలేదే అంటే
"నిప్పుకి భయపడని చీమ ఇంకా పుట్టలేదులే" అనేది.

అప్పట్లో ఉత్త రొట్టే.
జ్వరం వచ్చినోళ్లు తినేది, పథ్యం వాళ్లు తినేది.
చేతిలో రొట్టె పొట్లం కనిపిస్తే చాలు
"ఎవరికండీ బాగోలేదు?" అని దారంతా అడిగేవారట.
మా సంపాదనంతా ఊరి జ్వరాలే.

తొంభయ్యారు తుపాను రాత్రి
చెట్లు కూలిన చప్పుడు విడివిడిగా వినపడలేదట,
ఒకటే పొడుగాటి చప్పుడు.
తెల్లారేసరికి పైకప్పు లేదు.
పొయ్యి ఉంది.
తడిసిన పిండిని తడిసినట్టే పిసికి
తడి డొక్కలేసి, కళ్లు వాచేలా ఊది
మూడు రోజులు కాల్చింది నాయనమ్మ.
అరువు పుస్తకం మాత్రం నీళ్లలో కరిగిపోయింది.
సగం మంది వాళ్లంతట వాళ్లే వచ్చి కట్టారు.
మిగతా సగం పేర్లు నాన్నకి ఇప్పటికీ నోటికొచ్చు.
పెళ్లి భోజనాల్లో వాళ్ల పక్కనే కూర్చుంటాడు,
పెరుగు వేయమని వాళ్ల కోసం కేకేస్తాడు.

పిజ్జా అమ్మ తెచ్చింది.
రాజమండ్రిలో ఎవరిదో పుట్టినరోజుకి ఒక ముక్క తిని
రావులపాలెం దాకా బస్సులో నోరు విప్పలేదు.
అక్కడ బస్సు ఆగాక అంది:
"ఇది మన దిబ్బరొట్టెకి మేనత్త కూతురు."

మొదటిది మాడింది.
రెండోది నేను తిన్నాను. అదీ మాడిందే.
చీజు కాకినాడ నుంచి చేపల బండిలో ఐసు మీద వచ్చేది,
అందుకే తొలి నెలంతా పిజ్జాలకి పండుగప్ప వాసన.
ఎవరూ ఏమీ అనలేదు.
కోనసీమలో అదొక వంక కాదు.

కొబ్బరి వలుపు ఏసురత్నం
శనివారం కూలి అందగానే ఒకటి కట్టించుకునేవాడు.
ముక్కలు ఎనిమిది, ఇంట్లో తొమ్మిది మంది.
గుండ్రటిదాన్ని తొమ్మిదిగా కోయడం
అమ్మకి పట్టుబడ్డానికి ఏడాది పట్టింది.
ఇప్పుడు మా దుకాణంలో అందరికీ తొమ్మిదే.

నాన్న లోవరాజు మాత్రం
పదకొండేళ్లు ఆ పేరు పలకలేదు.
"నాలుగో బల్లకి ఆ రొట్టె రెండు" అనేవాడు.

మొన్న వానల్లో అమ్మకి టైఫాయిడ్.
ఎన్నాళ్లకో నాన్న ఉత్త రొట్టె కాల్చి
పాలలో ముంచి నోటికి అందించాడు.
"ఉప్పు తక్కువైంది" అంది అమ్మ.
కాసేపు గోడకేసి చూసి అడిగాడు:
"పోనీ, పీజా వెయ్యనా?"

తొమ్మిది ముక్కలూ అలాగే ఉండిపోయాయి.
జ్వరం ఆ పూట తగ్గలేదు.
నవ్వినందుకు ఆయాసం మాత్రం వచ్చింది.