కాటా గది

నౌపడ ఉప్పు లారీలన్నీ నా కిటికీ ముందు ఆగుతాయి.
ఖాళీగా వస్తూ ఒకసారి, నిండుగా పోతూ ఒకసారి.
పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేసి
మిగిలింది ఉప్పని రాస్తాను.
పంతొమ్మిదేళ్లుగా ఇదే లెక్క.

మాఘంలో టెక్కలి డాక్టరమ్మ నన్ను లెక్కేసింది.
షుగరు రెండొందల అరవై.
అన్నం తగ్గించమంది. నేను మానేశాను.
పొద్దుటి చోడి అంబలి, ఆదివారం పూరీ,
అన్నంతోపాటే ఆవకాయ, పప్పుచారు, అప్పడం:
వాటిని ఉత్తినే ఎవడు తింటాడు?
మిగిలినవి గుడ్లు, కవళ్లు, వంకాయ వేపుడు.
ప్రెషరుకి మంచిదని హైమ వాటిలోనూ
ఉప్పు సగం చేసింది.

లారీల్లేని ఆదివారం నేనే పలకెక్కాను.
తొంభై.
మళ్లీ ఆదివారం ఎనభై!
పది కిలోలకి లోపల ఏం జరిగినా
దానికి కనపడదని మర్చిపోయి
స్వీట్లు పంచబోయాను.

తొమ్మిదో రాత్రి పిక్క పట్టేసింది.
తాడు మెలేసినట్టు, మెలేసి ముడేసినట్టు.
గచ్చు మీద పాదం ఆనించి
గోడని కౌగిలించుకుని నిలబడ్డాను.
హైమ ఆముదం రాస్తూ ఏదో అంది, వినపడలేదు.
తెల్లారితే తలనొప్పి, లేస్తే కళ్లకి చీకట్లు.
ఒక లారీ ఖాళీ బరువు ఇంకో లారీకి రాసేసి
ఓనరు చేత తిట్లు.
ఒంట్లో నీళ్లు తగ్గాయనుకున్నాను,
సీసా మీద సీసా ఎత్తాను.
ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగాలంటారు,
తినకుండానే తాగినవాడి సంగతి
సామెతలో లేదు.

తవిటమ్మ కూలి చీటీకొచ్చింది.
మడిలో గొర్రు లాగి లాగి
మోకాళ్ల దాకా తెల్లగా చారలు.
పుట్టినవాళ్లు దక్కక, గుప్పెడు తవుడుకి
అమ్మి కొన్న పిల్ల కాబట్టి ఆ పేరు.
"ఏటి బావూ, తోటకూర కాడలాగ ఏలాడిపోనావు?
గెంజి మానీసినావా?
మరి గెంజిలో ఉప్పు ఎవులు తాగుతారు, నానా?
ఎండలో నాను ఉప్పు గెంజి తాగకపోతే
మద్దినేలకి మడిలోనే కూలబడిపోదును."
కిటికీ అవతల రాశులు ఎండకి మెరుస్తున్నాయి.
సిగ్గేసింది.

డాక్టరమ్మ నవ్వలేదు.
రక్తం తీసింది, కిడ్నీ లెక్క చూసింది,
కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి ప్రెషరు చూసి
మాత్ర సగానికి కోసింది.
"అన్నం ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది.
అది పోతే నీరు పోతుంది,
నీరు ఒంటరిగా పోదు, ఉప్పుని వెంటేసుకుపోతుంది.
నీ కిడ్నీలు బాగున్నాయి కాబట్టి చెబుతున్నా,
మీ బావకి చెప్పకు."

అప్పట్నుంచి పల్చటి మజ్జిగలో ఉప్పూ నిమ్మకాయా,
చేపతలల నీళ్లు,
మునగాకు, తోటకూర, వేయించిన గుమ్మడి గింజలు.
నాలుగో రాత్రికి పిక్క ముడి విప్పుకుంది.
నిద్రలో కాలు చాపాను, భయపడకుండా.

బావంటే లోకనాథం, హైమ అన్న, ఉద్దానం మనిషి.
వారానికి రెండుసార్లు పలాసలో
గొట్టాలు పెట్టుకుని పడుకుంటాడు.
గ్లాసుతో కొలిచిన నీళ్లు, ఉప్పు లేని కూర.
నాకు మందని ఇచ్చిన ఆకుకూరలు
ఆయనకి ఉడికించి నీళ్లు పారబోసి, అదీ చెంచాడే.
మొన్నొచ్చినప్పుడు ఒకే పొయ్యి మీద
హైమ రెండు గిన్నెలు పెట్టింది.
నేను మజ్జిగ లోటా గోడవైపు తిరిగి తాగాను.
"తాగవయ్యా, దొంగతనమా!" అన్నాడు.

సాయంత్రం కాటా గదికి నాతో వచ్చాడు.
దారిలో రాలిన ఉప్పు చిటికెడు తీసి
అరచేతిలో వేసుకున్నాడు.
నాలిక దగ్గరికి తీసుకుపోతాడేమోనని చూశాను.
"ఎంతుందో తూయి" అన్నాడు.
అరవై టన్నులు మోసే పలక మధ్యలో
వంగి, జాగ్రత్తగా పెట్టి, దిగి వచ్చాడు.
సున్నా.
ఇద్దరం ఆ సున్నా వంకే చూస్తూ నిలబడ్డాం.
వెనక ఆఖరి ట్రిప్పు లారీ హారన్ కొడుతోంది.